రేకు మోత ఎటు పోతుంది: పూత పూసిన పలకల్లో, కర్పరాల్లో డ్యాంపింగ్‌ను కొలవడం

నల్లగొండలో ఇంజినీరింగ్ విద్యార్థులు, అధ్యాపకులు, రైసు మిల్లుల సాంకేతిక సిబ్బంది ముందు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం

సభకు నమస్కారం. ఈ బల్ల మీద ఒకే ఉక్కు రేకు నుంచి కత్తిరించిన రెండు ముక్కలు దారాలకు వేలాడుతున్నాయి. రెండింటి మందమూ ఒక మిల్లీమీటరే. మొదటిదాన్ని వేలి గోటితో మీటితే వెనుక వరుసలో కూర్చున్నవారికి కూడా వినిపించేలా చాలాసేపు మోగుతుంది. రెండోదానికి ఒక వైపు రెండు మిల్లీమీటర్ల మందాన నల్లటి పూత ఉంది కాబట్టి అది ‘టప్’మని ఊరుకుంటుంది. ఈ తేడాను చెవి ఒక్క క్షణంలో పట్టేస్తుంది, దానికి పరికరం అక్కరలేదు. అయితే ఈ పూత ఎంత పనిచేసిందో అంకెల్లో చెప్పమంటే, నేను ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించిగాని నోరు తెరవను. ఎందుకు ఆలోచించవలసి వస్తుందో చెప్పడమే ఈరోజు నా పని.

మీటిన రేకులో చేరిన శక్తి నిలవదు. కొంత లోహం లోపలి రాపిడిలో, కొంత పూతలో వేడిగా మారుతుంది. కొంత శబ్దమై గాలిలో కలుస్తుంది. కొంత రేకును పట్టుకున్న బిగింపులోకి, మరికొంత మనం అంటించిన సెన్సరు తీగలోకి జారిపోతుంది. పరికరం చూపించేది వీటన్నిటి మొత్తాన్నే గాని పూత వాటాను కాదు. మన పానగల్ ఉదయసముద్రం కట్ట మీద నిలబడి నీటిమట్టం కొలిచే మనిషిని తలచుకోండి. మట్టం తగ్గిందని కొలబద్ద చెబుతుంది, కానీ ఆ నీరు ఎండకు ఆవిరైందో, కట్ట కింద ఊటగా పోయిందో, తూములోంచి కాలువకు వెళ్లిందో అది చెప్పదు. కొత్త తూము ఎంత నీరు తీస్తున్నదో తెలియాలంటే, ముందుగా దాన్ని మూసి ఉంచి మట్టం ఎంత తగ్గుతుందో చూసి, తరువాత దాన్ని తెరవాలి. పూత విషయంలోనూ ఇంతే. పూత లేని రేకును, అదే బిగింపుతో, అదే సెన్సరుతో, అదే ఉష్ణోగ్రత వద్ద ముందుగా కొలవనివారు పూత గురించి చెప్పే ఏ అంకెనూ నేను నమ్మను.

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి ‘అవరుద్ధ కంపనాలు’ అన్న మాట గుర్తుండే ఉంటుంది. డ్యాంపింగ్ అంటే ఆ అవరోధమే. దాన్ని కొలిచే రాశిని లాస్ ఫ్యాక్టర్ అంటారు, నేను నష్ట గుణకం అంటాను. ఒక ఆవర్తనంలో పోయిన శక్తిని, ఆ ఆవర్తనంలో రేకులో నిలిచిన గరిష్ఠ శక్తికి 2π రెట్లతో భాగిస్తే వచ్చేదే ఈ గుణకం. ఉత్త ఉక్కు రేకుకు ఇది పది వేలల్లో కొన్ని వంతులు మాత్రమే ఉంటుంది. మంచి డ్యాంపింగ్ పదార్థానికి, దానికి అనుకూలమైన ఉష్ణోగ్రతలో, 1 దాకా, కొన్నిసార్లు అంతకు పైగా కూడా ఉండవచ్చు. అంటే మనం కొలవబోయే వస్తువులు వెయ్యి రెట్ల తేడాలో పరచుకుని ఉన్నాయి. ఒకే పద్ధతి ఈ రెండు కొసలకూ సరిపోదు.

పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది, రేకును కొట్టి వదిలేసి, కంపన పరిమితి, అంటే ఊపు ఎంత దూరం పోతున్నదన్నది, ఎలా తగ్గుతుందో చూడడం. పది ఆవర్తనాల్లో పరిమితి సగానికి పడిపోతే, రెండుకు సహజ సంవర్గమానమైన 0.693ని పదితో భాగించగా ఒక్కో ఆవర్తనానికి తగ్గుదలను చెప్పే లాగరిథమిక్ డిక్రిమెంట్ 0.069 వస్తుంది, దాన్ని πతో భాగిస్తే నష్ట గుణకం 0.022. రెండోది, రేకును వేర్వేరు పౌనఃపున్యాల వద్ద కంపింపజేసి, అనునాదం దగ్గర లేచే శిఖరం ఎంత వెడల్పుగా ఉందో చూడడం. శిఖరం కొస నుంచి మూడు డెసిబెల్‌లు దిగిన చోట ఉన్న వెడల్పును అనునాద పౌనఃపున్యంతో భాగిస్తే అదే నష్ట గుణకం. పాఠ్యపుస్తకంలో ఈ రెండూ ఒకే జవాబు ఇస్తాయి. ప్రయోగశాలలో అలా ఇవ్వవు, ఇవ్వనప్పుడు తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే అసలు విద్య.

ఒక లెక్క చూద్దాం. ఉత్త రేకు 200 హెర్ట్జ్ వద్ద మోగుతున్నదని, దాని నష్ట గుణకం 0.0005 అని అనుకుందాం. శిఖరం వెడల్పు 0.1 హెర్ట్జ్ మాత్రమే. మన విశ్లేషణ యంత్రంలో ఒక్క సెకను రికార్డు తీసుకుంటే, రెండు పక్క గీతల మధ్య దూరమే ఒక హెర్ట్జ్ ఉంటుంది, అంటే అసలు శిఖరం కంటే పది రెట్లు. అప్పుడు తెర మీద కనబడే శిఖరపు వెడల్పు రేకుది కాదు, మన రికార్డు పొట్టితనానిది. ఆ వెడల్పును నమ్మి లెక్క కడితే నష్ట గుణకం 0.005కు తగ్గదు, ఉత్త రేకుకే పది రెట్ల డ్యాంపింగ్ అంటగట్టినవాళ్లమవుతాము. అదే రేకు కొట్టిన తరువాత అరవై డెసిబెల్‌లు తగ్గడానికి 22 సెకన్లు పడుతుంది కాబట్టి, దానికి మొదటి పద్ధతే నయం. పూత పూసిన తరువాత గుణకం 0.03కు పెరిగితే ఆ కాలం 0.37 సెకనుకు కుంచించుకుపోతుంది, వెడల్పు ఆరు హెర్ట్జ్‌లకు విస్తరిస్తుంది. అప్పుడు రెండో పద్ధతి హాయిగా పనిచేస్తుంది.

సుత్తితో కొట్టి కొలిచే ప్రయోగశాలల్లో ఇంకొక ఉచ్చు ఉంది. రికార్డు ముగిసేలోపు కంపనం చావకపోతే, సాఫ్ట్‌వేరు దాని మీద ఎక్స్‌పొనెన్షియల్ విండో వేసి బలవంతంగా తగ్గిస్తుంది. ఆ తగ్గుదల కూడా డ్యాంపింగ్ లెక్కలోకే వస్తుంది. విండో కాల స్థిరాంకం పావు సెకను అయితే, 200 హెర్ట్జ్ వద్ద అది ఒక్కటే 0.0064 కలుపుతుంది. దీన్ని తీసివేయడం ఒక్క వరుస లెక్క. అయినా తీసివేయని నివేదికలు నేను చాలా చూశాను, వాటిలో దశాంశ బిందువు తరువాత నాలుగేసి స్థానాలు కూడా చూశాను.

ఇక రేకును పట్టుకునే విధానం. 1952లో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఓబర్స్ట్, పలుచని రేకుల మీద గట్టిగా అంటుకునే పూతల డ్యాంపింగ్ గురించి వ్యాసం ప్రచురించారు. ఈనాటికీ ఒక కొన బిగించి మరొక కొన వదిలిన సన్నని పట్టీని ఓబర్స్ట్ పట్టీ అనే పిలుస్తాము. పరీక్షా పద్ధతులకు ప్రమాణాలు రాసే ఏఎస్‌టీఎం అనే సంస్థ ఇచ్చిన ఈ756 ప్రమాణం దాని మీదనే నిలబడింది. పట్టీ సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక జానెడు పొడవు ఉంటుంది. బిగించే మొదలును అదే లోహపు ముక్కలో మందంగా ఉంచి చెక్కుతారు, ఎందుకంటే పలుచని రేకును వైసులో పెట్టి మరలు తిప్పితే, వైసు దవడకూ రేకుకూ మధ్య జరిగే సూక్ష్మమైన రాపిడే పూత కంటే ఎక్కువ శక్తిని తినేయవచ్చు. ఒక్కొక్క సహజ పౌనఃపున్యం వద్ద పట్టీ ఊగే తీరును మోడ్ అంటారు; ఇంత జాగ్రత్త తీసుకున్నా మొదటి మోడ్‌ను సాధారణంగా లెక్కలో చేర్చరు, రెండోదాని నుంచే మొదలుపెడతారు. సెన్సరు సంగతి మరీ చిత్రం. ఒక మిల్లీమీటరు మందం, 10 మిల్లీమీటర్ల వెడల్పు, 200 మిల్లీమీటర్ల పొడవు గల ఉక్కు పట్టీ బరువు పదహారు గ్రాములకు లోపే. దాని మీద పది గ్రాముల యాక్సిలెరోమీటరు అంటిస్తే మనం కొలిచేది పట్టీని కాదు, పట్టీ మోస్తున్న మూటను. అందుకే ఈ పనికి తాకకుండా కొలిచే అయస్కాంత పికప్‌లను గాని, లేజర్ వైబ్రోమీటరును గాని వాడాలి.

పలకను వేలాడదీసేటప్పుడు దారం కట్టే చోటు ముఖ్యం. కదలని గీతల మీద కడితే దారం ఏమీ తినదు. రెండు కొనలూ వదిలిన పట్టీకి మొదటి వంపు మోడ్‌లో ఆ చోట్లు రెండు కొనల నుంచీ పొడవులో 0.224 వంతు దూరంలో ఉంటాయి. పలకకైతే వెతుక్కోవాలి. 1787లో జర్మనీ శాస్త్రవేత్త క్లాడ్నీ పలక మీద ఇసుక చల్లి, అది ఏ గీతల మీద పోగవుతుందో చూపించారు. మా విద్యార్థులు ఇసుకకు బదులు బొంబాయి రవ్వ చల్లుతారు. శాస్త్రానికి ఏ లోటూ రాలేదు, ప్రయోగశాలకు చీమలు మాత్రం వచ్చాయి.

పూత మందం గురించి ఇప్పుడు వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిల్లుల నుంచి వచ్చినవారు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. రేకు ఉక్కుది, దాని యంగ్ గుణకం, అంటే సాగదీతకు ఎదురు నిలిచే దృఢత, 200 గిగా పాస్కల్; పూతది ఒక గిగా పాస్కల్, పూత పదార్థపు సొంత నష్ట గుణకం 0.5 అని పెట్టుకుందాం. ఒక మిల్లీమీటరు రేకు మీద ఒక మిల్లీమీటరు పూత పూస్తే, వంపు కంపనానికి రెండూ కలిసిన నష్ట గుణకం సుమారు 0.03. పూతను రెండు మిల్లీమీటర్లు చేస్తే అది 0.06 కాదు, 0.117. మందం రెండింతలైతే ఫలితం దాదాపు నాలుగింతలైంది. రేకు వంగినప్పుడు మధ్య తలం నుంచి ఎంత దూరంగా ఉన్న పొర అయితే అంత ఎక్కువగా సాగుతుంది, సాగిన పొరే శక్తిని తింటుంది, కారణం అదే. ఇప్పుడు అదే రెండు మిల్లీమీటర్ల పూతను రెండు వైపులా ఒక్కొక్క మిల్లీమీటరుగా పంచితే ఏమవుతుందో లెక్క వేయండి: 0.058 మాత్రమే వస్తుంది. డబ్బాలు అన్నే, కూలి ఎక్కువ, ఫలితం సగం. రెండు వైపులా పూస్తే రెండింతల మేలని నమ్మేవారికి ఈ లెక్క మింగుడు పడదు, కానీ పట్టీ మీద కొలిచినా ఇదే కనబడుతుంది. పూత మీద మరొక పలుచని లోహపు పొర మూసి, మధ్య పొరను కోత ఒత్తిడికి గురిచేసే పద్ధతి ఇంకొకటి ఉంది. 1959లో కెర్విన్ దాని సిద్ధాంతం ఇచ్చారు. అది వేరే ప్రసంగానికి సరిపడే విషయం కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

ఇంతవరకు చెప్పింది చదునైన రేకు సంగతి. గుండ్రని కర్పరం, అంటే షెల్ అనే వంపు తిరిగిన పలుచని గోడ, దగ్గరకు వచ్చేసరికి నాకు తగిన శాస్తి జరిగింది. కొన్నేళ్ల కిందట మిర్యాలగూడ వైపు ఒక రైసు మిల్లులో ధాన్యం పోసే హాపరు గోడల మోత, గాలిని సుడి తిప్పి ఊకను వేరుచేసే గుండ్రని సైక్లోన్ హోరు తగ్గించమని అడిగారు. ఒకే పూత, ఒకే మందం, ఒకే పనివాడు. చదునైన హాపరు గోడలు చెప్పినట్టే అణిగాయి. సైక్లోన్ మాత్రం తక్కువ పౌనఃపున్యాల్లో ఏమీ తేడా లేకుండా అలాగే హోరెత్తింది. “అదే డబ్బాలోని మందు అక్కడ పనిచేసి ఇక్కడెందుకు చేయదు సార్?” అని యజమాని అడిగిన ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. పట్టీ మీద వచ్చిన అంకెను సైక్లోన్‌కు అంటగట్టింది నేనే.

జవాబు గోడ గుండ్రదనంలో ఉంది. చదునైన రేకు కంపించేటప్పుడు ప్రధానంగా వంగుతుంది. గుండ్రని గోడ వంగడంతో పాటు తన తలంలోనే సాగుతుంది కూడా. సాగుడులో రేకు మందమంతా ఒకేలా సాగుతుంది కాబట్టి, మధ్య తలానికి దూరంగా ఉన్నందుకు మెత్తటి పూతకు లాభం ఏమీ దక్కదు. దాని వాటా కేవలం దృఢతల నిష్పత్తికి తగినంతే. పైన చెప్పిన ఒక మిల్లీమీటరు పూతనే తీసుకుంటే, వంపు కంపనంలో 0.03 ఇచ్చినది, పూర్తిగా సాగుడు కంపనంలో 0.0025 మాత్రమే ఇస్తుంది. పన్నెండింతల తేడా. అసలు కర్పరం మోడ్‌లు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. 1949లో ఆర్నాల్డ్, వార్‌బర్టన్ పలుచని స్థూపాల మీద దీన్ని వివరించారు: చుట్టుకొలత మీద అలలు తక్కువైతే సాగుడు శక్తి పెద్దది, అలలు ఎక్కువైతే వంపు శక్తి పెద్దది, అందుకే అతి తక్కువ పౌనఃపున్యం అతి తక్కువ అలలున్న మోడ్‌ది కాకపోవచ్చు. కాబట్టి కర్పరానికి నష్ట గుణకం చెప్పేటప్పుడు ఏ మోడ్‌కో చెప్పకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. సుత్తితో చుట్టూ, నిలువునా అనేక చోట్ల కొట్టి, అలలు లెక్కబెట్టి, మోడ్‌కు పేరు పెట్టిన తరువాతే డ్యాంపింగ్ జోలికి పోవాలి.

ఆ సైక్లోన్‌లో రెండో పాఠం కూడా నేర్చుకున్నాను. పూత పూయకముందు కొలిచినప్పుడే నష్ట గుణకం ఉత్త ఉక్కుకు ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు కనబడింది. లోపల ఏళ్ల తరబడి పేరుకున్న ఊక, తవుడు పొర ఒకటి, గొట్టం కలిసేచోట రబ్బరు పట్టీ ఒకటి, వదులైన బోల్టులు కొన్ని. ఇవన్నీ ముందే తెరిచి ఉన్న తూములు. మా పూత తెచ్చిన చిన్న లాభం వాటి మధ్య కనిపించకుండా పోయింది.

గుండ్రని వస్తువులకు మరొక విచిత్ర గుణం ఉంది. గుడిలో గంట కొట్టిన తరువాత చెవి ఒగ్గి వినండి. నాదం ఒక్క తీరున తగ్గదు. పెరుగుతూ తరుగుతూ ఊగుతూ పోతుంది. గుండ్రని కర్పరంలో ప్రతి మోడ్‌కూ చుట్టూ కొంత తిరిగిన జంట మోడ్ ఉంటుంది. గంట పరిపూర్ణంగా గుండ్రంగా ఉంటే రెండింటి పౌనఃపున్యమూ ఒకటే. పోతలో కాస్త మందం తేడా వచ్చినా అవి విడిపోయి, ఒకదానితో ఒకటి కలిసి ఊపు పుట్టిస్తాయి. కుంచెతో పూసిన పూత ఒక వైపు మందంగా, మరొక వైపు పలుచగా ఉంటుంది, రేకు చుట్టలో అతుకు గీత ఎలాగూ ఉంటుంది, కాబట్టి పూత పూసిన స్థూపంలో ఈ విడిపోవడం ఖాయం. ఒకటి 198, మరొకటి 201 హెర్ట్జ్ వద్ద ఉన్నాయనుకోండి. పూత వాటిని వెడల్పు చేసేసరికి రెండు శిఖరాలు కలిసి ఒకే బోర్లా గిన్నెలా కనబడతాయి. దాని వెడల్పు కొలిచినవారికి డ్యాంపింగ్ ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది, వారు సంతోషిస్తారు కూడా. చుట్టుకొలత మీద కనీసం నాలుగైదు చోట్ల కొలిచి, ఒక మోడ్ కదలని చోట కొట్టి రెండోదాన్ని విడిగా పట్టుకోవాలి, లేదా రెండు శిఖరాలున్నాయని ఒప్పుకుని వక్రరేఖను సరిపోల్చాలి.

ఉష్ణోగ్రత సంగతికి వస్తే, నల్లగొండలో దాన్ని ప్రత్యేకంగా గుర్తు చేయవలసిన పని లేదు. డప్పు కొట్టేవారు కొట్టబోయే ముందు దాన్ని మంట దగ్గర కాపుతారు. తేమ పోయి, తోలు బిగిసి, మోత తేటపడుతుంది. మన పూత పాలిమర్లకు సంబంధించినది, దాని నడక డప్పు తోలు కంటే వేరు. చలిలో అది గాజులా గట్టిపడి శక్తిని తినదు. బాగా వేడెక్కితే రబ్బరులా మెత్తబడి మళ్లీ తినదు. ఈ రెండింటి నడుమ మారే కొద్ది డిగ్రీల మేరలోనే దాని ప్రతాపమంతా. పైగా పౌనఃపున్యం పెరిగితే ఆ మేర పై ఉష్ణోగ్రతకు జరుగుతుంది. ఈ రెండింటినీ ఒకే రేఖ మీదకు తెచ్చే సమీకరణాన్ని 1955లో విలియమ్స్, లాండెల్, ఫెర్రీ ఇచ్చారు. విదేశీ క్యాటలాగులో 20 డిగ్రీల వద్ద అచ్చువేసిన అంకెను మే నెలలో ఎండ సూటిగా పడే మన రేకు గోడకు వాడితే, ఆ అంకె ఆ గోడది కాదు. గోడ ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రత కాదని కూడా గుర్తుంచుకోండి. చెయ్యి పెట్టలేని రేకు దగ్గర నీడలోని థర్మామీటరు చదివి రాసుకోవద్దు. ఇంకొక మాట, పూత పూర్తిగా ఆరకముందు కొలిస్తే లోపల మిగిలిన ద్రావకం వల్ల అంకె మారిపోతుంది. నెల తరువాత అదే ముక్కను మళ్లీ కొలిస్తే మీ నివేదికే మిమ్మల్ని వెక్కిరిస్తుంది.

అన్ని పూతలూ మెత్తనివి కావు. గ్యాస్ టర్బైన్ బ్లేడ్‌ల మీద ప్లాస్మాతో చల్లే జిర్కోనియా, స్పినెల్ వంటి పింగాణీ పూతలు గట్టివి. వాటిలో సూక్ష్మమైన పగుళ్ల ముఖాలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల శక్తి పోతుంది, ఆ రాపిడి కంపన పరిమితిని బట్టి మారుతుంది. అలాంటప్పుడు అనునాద శిఖరం ఒక పక్కకు వాలుతుంది, దాని వెడల్పుకు అర్థం ఉండదు. కొట్టి వదిలి, తగ్గే పరిమితిని లాగ్ కాగితం మీద గీయాలి. డ్యాంపింగ్ మారనిదైతే గీత వంకర లేకుండా సరళరేఖగా దిగుతుంది. గీత వంగితే, ఏ పరిమితి వద్ద ఎంత వాలు ఉందో విడివిడిగా చదవాలి. మొత్తానికి ఒకే వాలు గీసి ఒకే అంకె చెప్పడం ఇక్కడ తప్పు.

ఫోనుతో శబ్దం రికార్డు చేసి డ్యాంపింగ్ కొలవవచ్చా అని ఇందాక ఒక విద్యార్థి అడిగాడు. కొలవవచ్చు, నేనూ కొలుస్తాను, కానీ ఫోను మన మంచి కోసమని చిన్న శబ్దాలను తానే పెంచుతుంది, నెమ్మదైనవాటిని రొదగా భావించి తుడిచేస్తుంది. మొదటిదాని వల్ల మోత నిజంగా తగ్గినంత వేగంగా తగ్గినట్టు కనబడదు, రెండోదాని వల్ల మధ్యలో తెగిపోతుంది. ఆ సదుపాయాలను ఆపగలిగే రికార్డింగ్ యాప్ వాడి, తెలిసిన ఒక ఉత్త రేకు మీద ముందుగా సరిచూసుకుంటే పనికివస్తుంది. మిల్లులోనైతే యంత్రాలన్నీ ఆపిన రాత్రివేళ వెళ్లండి.

ఇప్పుడు మీ వంతు. ఈ రెండు ముక్కలనూ ఇలా వరుసల మధ్యకు పంపిస్తున్నాను. అంచుకు దగ్గరగా, దారం కట్టిన చోటుకు దూరంగా గోటితో మీటండి, మధ్యలో పట్టుకోవద్దు. ఉత్త ముక్క మీద సుద్దతో ఈ గది ఉష్ణోగ్రత రాసి ఉంచాను, ముప్పై ఒకటి. దాన్ని చెరపకండి, మనం భోజనం తరువాత రెండో ముక్కను ఎండలో పెట్టి తెచ్చి మళ్లీ కొలుస్తాము.